హాజరు పట్టీలో మొగిలి

మొగిలి క్లాసుకు రాక ఆరు రోజులయింది. హాజరు రిజిస్టర్లో మాత్రం ఒక్క రోజు కూడా నాగా లేదు.

ఆ సంగతి తెలిసి రాసినవాడు గుమస్తా నర్సింగం. తెలిసి రాయించినవాడు ఇన్‌చార్జి రాజం సారు. రాయడం పెద్ద పనేం కాదు. పొద్దున ఎనిమిదిన్నరకు ఆఫీసు గది తాళం తీసి, రిజిస్టరు పరిచి, ఇంకు పెన్ను ఒకసారి విదిలించి, ఇరవై రెండు పేర్ల ఎదురుగా పైనుంచి కిందికి ఒకే ఊపులో టిక్కులు పెట్టుకుంటూ పోవడమే. తల ఎత్తి క్లాసులో ఎవరున్నారో, ఎవరు లేరో చూడాల్సిన అవసరం లేదు. మొదట్లో చూసేవాడు. జూన్‌లో కరీంనగర్ నుంచి సర్క్యులరు వచ్చాక మానేశాడు.

పదో తరగతి దాటినవాళ్లకు నడిపే ట్రేడు క్లాసుల్లో మూడు నెలల సగటు హాజరు ఇరవైకి తగ్గితే సర్కారు గ్రాంటు ఆగిపోతుంది, క్లాసు ఎత్తేస్తారు, ఉన్నవాళ్లను కరీంనగర్‌కు పంపుతారు. సర్క్యులరు సారాంశం అది. గోదావరిఖనిలో కాలనీ చివర రేకుల షెడ్డులో నడిచే ఆ వైర్‌మన్ క్లాసులో పేర్లు ఇరవై రెండు, వచ్చేవాళ్లు పదిహేడు మంది. మిగిలిన ఐదుగురూ కూలి కోసమో, పెళ్లి చేసుకునో, ఇంకేదో కారణంగానో ఒక్కొక్కరే జారిపోయారు. రిజిస్టర్లోంచి మాత్రం ఎవరూ జారిపోలేదు.

సోమవారం పది గంటలకు పోలీసు ఠాణా జమేదారు వచ్చాడు. వారం రోజులకు పైగా ముసురు. రేకుల మీద చినుకులు ఆగకుండా పడుతున్నాయి. సైకిలు గోడకు ఆనించి, టోపీ మీది నీళ్లు దులుపుకుని, ఆఫీసు గది గడపలో నిలబడ్డాడు.

"మొగిలి అనేటోడు మీ క్లాసులనే ఉన్నడా, నర్సింగం?"

"ఉన్నడు."

"వస్తున్నడా?"

నర్సింగం రిజిస్టరు మీద చెయ్యి పెట్టాడు. జవాబు వెనక నుంచి వచ్చింది. రాజం సారు చాయ్ గ్లాసుతో లోపలి గదిలోంచి వచ్చి, "రాకేం, వస్తున్నడు. రిజిస్టరు చూపెట్టు నర్సింగం," అన్నాడు.

జమేదారు తడి వేలు పేరు మీద పెట్టి అడ్డంగా జరుపుకుంటూ పోయాడు. వేలు పోయిన దారంతా కాగితం మీద చెమ్మ గీత పడింది. "మంగళారం హాజరు. బుధారం హాజరు. మొన్న శనారం గూడ హాజరే. బాగున్నది. వాళ్ల అవ్వ కనకవ్వ మూడు రోజులాయె ఠాణా మెట్ల మీదికెల్లి లేస్తలేదు. మంగళారం పొద్దుగాల మొరం క్వారీకి లారీ నింపటానికి పోయిండట, ఇంటికి రాలేదట. మట్టి కూలి మీద పడ్డదని ఆమె అనుమానం. క్వారీ మున్షిని అడిగితే, ఆ దినం మా దిక్కు రానే లేదు, బడికి పోయి ఉంటడు అన్నడు. సరిపోయింది గదా."

అతను చిన్న నోటుబుక్కు తీసి తేదీలన్నీ ఎక్కించుకున్నాడు. కింద గీత గీసి, పుస్తకం నర్సింగం వైపు తిప్పాడు.

"చూసినట్టు ఒక సంతకం గొట్టు."

నర్సింగం రాజం సారు వైపు చూశాడు. ఆయన చాయ్ ఊదుకుంటున్నాడు. నర్సింగం సంతకం చేశాడు.

సైకిలు చప్పుడు వానలో కలిసిపోయాక అన్నాడు, "చెప్పాల్సింది సార్."

"ఏం చెప్పాలె? ఐదుగురు లేరు, ఉన్నట్టు రాస్తున్నమనా? బేస్తవారం ఇన్‌స్పెక్షను. ఈ మూడు దినాలు గడిస్తే పదిహేడుగురు పోరగాండ్లకు చేతుల సర్టిఫికెట్ పడ్తది. నీ నౌకరీ ఉంటది, నాది ఉంటది." రాజం సారు గొంతు తగ్గించాడు. "వాడు పారిపోయి ఉంటడయ్యా. ఇరవై ఏండ్ల పోరడు. బొంబాయి పోయినోడు ఉత్తరం రాయాలంటే రెండు నెలలు పడ్తది. ఫికర్ జెయ్యకు."

*

మంగళవారం నర్సింగం ఎనిమిదింటికే వచ్చాడు. క్లాసు షెడ్డుకు తలుపు లేదు, వాన జల్లు ఆగేలా తాటిపట్రీ గుడ్డ కట్టి ఉంటుంది. దాన్ని పక్కకు తీసి లోపలికి అడుగుపెట్టి ఆగిపోయాడు.

రెండో వరసలో గోడ పక్క సీటు మొగిలిది. ఆ బల్ల మీద, బల్ల కింద ఎర్ర మట్టి ఉంది. తడిగా, ఇప్పుడే ఎవరో కూర్చుని లేచినట్టు.

కాలనీలో ఎక్కడ చూసినా నల్ల బొగ్గు దుమ్మే. వాన పడితే బురద కూడా నల్లగానే ఉంటుంది. ఎర్ర మట్టి కావాలంటే మూడు మైళ్ల అవతల, బసంత్‌నగర్ రోడ్డు పక్క మొరం క్వారీకి పోవాలి. నర్సింగం ఒక గుడ్డ తెచ్చి తుడిచాడు. బల్ల చెక్క సందుల్లో దిగిన ఎరుపు పోలేదు.

పదకొండింటికి కనకవ్వ వచ్చింది. చేతిలో మూడు గిన్నెల క్యారియర్. ఏడుపు మొహం కాదు. అది చూసి నర్సింగానికి మరీ భయమేసింది.

"సారూ, పోలీసోల్ల పుస్తకంల నువ్వు సంతకం బెట్టినవట గదా, మావోడు రోజూ వస్తున్నడని."

నర్సింగం తల ఊపాడు. ఆ ఊపులో అవునని ఉందో లేదని ఉందో అతనికే తెలియదు.

"జమేదారు అంటే నమ్మలేదు. నువ్వు సంతకం బెట్టినవంటే నమ్మిన. మస్టరు పడ్డదంటే మనిషి ఉన్నట్టే." ఆమె వరండా స్తంభానికి ఆనుకుని కూర్చుంది. "వాళ్ల నాయిన మీద బొగ్గుబాయిల కప్పు కూలిననాడు ఎవలు మొత్తుకున్నా ఇనలేదు. మస్టరు తెప్పించి చూసిండ్రు. పేరున్నది. అప్పుడు నాకు నమ్మకమొచ్చింది, నా పెనిమిటి లోపలనే ఉన్నడు, బయటికి తెస్తరని. తెచ్చిండ్రు. పానం లేకున్నా, తెచ్చిండ్రు. మస్టరు అబద్ధమాడదు సారూ."

"అక్కా, గది బాయి మస్టరు. గిది..."

"ఏదైతేంది. సర్కారు కాయిదమే గదా." ఆమె క్లాసులోకి తొంగి చూసింది. "నా మీద కోపముంటది వానికి. క్వారీకి పోకురా, సదువుకోరా అని తిట్టిన. చెంప మీద ఒక్కటేసిన గూడ. గందుకే ఇంటికి వస్తలేడు. నన్ను చూసి ఎటో తప్పుకుంటుండు. తప్పుకోనీ. బువ్వైతే తినాలె గదా."

లోపలికి వెళ్లి క్యారియర్‌ను మొగిలి సీటు మీద పెట్టింది. పిల్లలు పదిహేడుగురూ చెక్క బోర్డుల మీద స్విచ్‌లు బిగిస్తున్నారు. ఒక్కరూ తల ఎత్తలేదు. స్క్రూ డ్రైవర్లు ఆగిపోయాయి, అంతే. ఆమె కొంగుతో బల్ల అంచు తుడిచి వెళ్లిపోయింది.

పన్నెండింటికి కింద బాయిలో బ్లాస్టింగు జరిగింది. ఎప్పుడూ జరిగేదే. నేల లోపలెక్కడో ఎవరో బరువు దించినట్టు ఒక్క అదురు. రేకులు సన్నగా మూలిగాయి. మొగిలి సీటు మీద క్యారియర్ గిన్నెలు ఒకదాన్నొకటి తాకి చప్పుడు చేశాయి. ఆ చప్పుడు అదురు ఆగాక కూడా కాసేపు వినిపించినట్టు నర్సింగానికి అనిపించింది.

సాయంత్రం నాలుగింటికి ఆమె మళ్లీ వచ్చింది. క్యారియర్ ఖాళీగా ఉంది. కడిగి బోర్లించి ఉంది.

కనకవ్వ గిన్నెలు ఒక్కొక్కటీ ఎత్తి వాసన చూసింది. మొహం విచ్చుకుంది. "మొత్తం తిన్నడు సారూ. పప్పుల కారం ఎక్కువైతే సగం ఇడిసిపెట్టేటోడు. ఇయ్యాల మొత్తం తిన్నడు."

ఆమె వెళ్లేదాకా నర్సింగం కుర్చీలోంచి లేవలేదు. తర్వాత నేరుగా మొగిలి పక్క సీటు వాడైన ముష్తాక్ దగ్గరికి వెళ్లాడు. ముష్తాక్ పనిముట్లు సంచిలో వేసుకుంటున్నాడు. అడగకముందే చెప్పాడు.

"నేనే సార్. తినకుంటే ఆమె మళ్ల వచ్చి చల్ల బువ్వ చూస్తది గదా. చూడద్దని తిన్న. గొంతు దిగలే సార్. నీళ్లు తాగి మింగిన."

"నువ్వు పొద్దున ఇక్కడ ఎర్ర మట్టి చూసినవా?"

"చూసిన." ముష్తాక్ సంచి మూతి ముడి వేశాడు. "నాలుగు దినాల నుంచి ఉంటున్నది. నేను తుడిచేస్తున్న. మీకు తెల్వదా?"

నర్సింగానికి తెలియదు. అతను ఆ సీటు వైపు చూసే అవసరమే పడలేదు.

*

ఇన్‌స్పెక్షనుకు తలలు లెక్కపెడతారు. పదిహేడును ఇరవై చేయడానికి రాజం సారు బుధవారం ముగ్గురు కుర్రాళ్లను పిలిపించాడు. కాలనీవాళ్లే, ఉద్యోగం కోసం తిరుగుతున్నవాళ్లు. ఎవరు ఏ పేరుకు పలకాలో చెప్పాడు. మొగిలి పేరుకు పలకాల్సినవాడు సదయ్య. పొడుగ్గా, ఒత్తయిన జుట్టుతో ఉంటాడు.

"నీ పేరేంది?" అన్నాడు రాజం సారు.

"సదయ్య సార్."

"ఒరే, నీ పేరేంది?"

"అ... మొగిలి సార్."

అందరూ నవ్వారు. "అన్నకు పెండ్లి సంబంధం గూడ మొగిలి పేరు మీదనే చూద్దాం సార్," అన్నాడు వెనక బల్ల వాడొకడు. ముష్తాక్ నవ్వలేదు. నవ్వులో ఏదో తేడా వచ్చి మిగతావాళ్లూ తొందరగా ఆపేశారు.

మూడింటికి రిహార్సలు. నర్సింగం రిజిస్టరు పట్టుకుని ముందు నిలబడ్డాడు. రాజం సారు ఇన్‌స్పెక్టరు కుర్చీలో కూర్చున్నాడు. వాన పెరిగింది. తాటిపట్రీ గాలికి కొట్టుకుంటోంది. నర్సింగం పేర్లు చదవసాగాడు, కళ్లు కాగితం మీదే. ఒక్కొక్క పేరుకు ఒక్కొక్క గొంతు, "హాజర్ సార్."

"మొగిలి."

"హాజర్ సార్."

నర్సింగం తర్వాతి పేరుకు పోయాడు. ఆ పేరుకు ఎవరూ పలకలేదు. ఇంకో పేరు చదివాడు. దానికీ ఎవరూ పలకలేదు. తల ఎత్తాడు.

మొగిలి సీటు ఖాళీగా ఉంది.

సదయ్య తాటిపట్రీ ఎత్తుకుని లోపలికి వస్తున్నాడు. జుట్టు తడిసి ఉంది, బీడీ వాసన కొడుతోంది. "మాఫ్ జెయ్యి సారూ, ఒక్క దమ్ము గుంజి వస్తున్న. నా వంతు అయిపోయిందా?"

రాజం సారు లేచి నిలబడ్డాడు. "ఎవడ్రా పలికింది? మజాకులా?"

పదిహేడు మంది ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. నర్సింగం ముష్తాక్‌ను చూశాడు. ముష్తాక్ రెండు చేతులూ బల్ల మీద ఆనించి, పక్కనున్న ఖాళీ సీటు నుంచి ఎంత వీలైతే అంత దూరంగా ఒరిగి కూర్చున్నాడు. పెదాలు తెల్లబడి ఉన్నాయి.

"నేను గాదు సార్. ఈడికెల్లే వచ్చింది గానీ, నేను గాదు."

అప్పుడే కనకవ్వ వచ్చింది. వరండాలో ఉందని ఎవరికీ తెలియదు. పరుగెత్తలేదు. లోపలికి నడిచి వచ్చి వరసల మధ్య నిలబడింది. ఆమె నడిచిన చోటల్లా గచ్చు మీద ఎర్ర పాదాలు పడ్డాయి.

"మావోని గొంతు ఇన్న," అంది.

ఒక్కొక్క మొహం దగ్గరా ఆగి చూసింది. సదయ్య దగ్గర కాసేపు ఎక్కువ ఆగింది. అతని తడి జుట్టు మీద చెయ్యి పెట్టబోయి తీసుకుంది. సదయ్య వెనక్కి వెనక్కి జరిగి గోడకు తగిలాడు. ఆమె రెండో వరసలో గోడ పక్క సీటులో కూర్చుంది. కూర్చున్న తీరులో అలవాటుంది. బల్ల సందుల్లోకి ఎరుపు ఎలా దిగిందో నర్సింగానికి అప్పుడు తెలిసింది.

"అక్కా, పొద్దుగాల ఇక్కడికి వస్తున్నవా?"

"క్వారీ కాడికెల్లి వస్త. తెల్లారకముందే పోయి పిలుస్త. పలకడు. ఆడ పలకకుంటే, మున్షి అన్నట్టు ఈడుంటడేమో అని ఈడికొచ్చి కూసుంట. మీరు తాళం తీసేటాల్లకు పోత." ఆమె బల్లను అరచేత్తో నిమిరింది. "ఇయ్యాల పలికిండు."

సదయ్య చెప్పులు చేతిలో పట్టుకున్నాడు. "సారూ, నేను గా సీట్ల కూసోను. ఇంకెవలనన్న చూసుకోండ్రి," అని వానలోకి వెళ్లిపోయాడు.

*

నర్సింగం ఇంటికి పోలేదు. సైకిలు బసంత్‌నగర్ రోడ్డు పట్టించాడు.

క్వారీ చేరేసరికి వాన తెరిపిచ్చింది, ఇంకా వెలుతురుంది. ఎర్రటి గోడలా నిలబడాల్సిన మొరం గట్టు ఒకచోట సగానికి తెగి కిందికి జారింది. జారిన మట్టి ఒక గుట్ట. ఆ గుట్ట మీద ఒక లారీ వెనక్కి తిరిగి బండరాళ్లు దొర్లిస్తోంది. మొరం తవ్వుకునే చోటికి ఎవరైనా రాళ్లు తెచ్చి పోస్తారా అని నర్సింగం అనుకున్నాడు. అనుకున్న మరుక్షణం, కిందున్నదేదో కప్పెయ్యడానికే అని తట్టింది.

మున్షి గొడుగు కింద నిలబడి ఉన్నాడు. నర్సింగాన్ని గుర్తుపట్టాడు.

"ఏం సారూ, ఇటొచ్చిండ్రు?"

"గిది ఎప్పుడు కూలింది?"

"వానలకు కూల్తయ్ సారూ, తారీఖు ఎవలు రాస్తరు?"

"పోయిన వారం మంగళారం లారీ నింపింది ఎవలు?"

మున్షి గొడుగు ఇటు చెయ్యి నుంచి అటు చేతికి మార్చుకున్నాడు. మర్యాదగా నవ్వాడు. "పొద్దుగాల వచ్చే కూలోల్లకు మస్టరుంటదా? పేర్లుంటయా? మీ దగ్గరనే పక్కా మస్టరున్నది. పోరడు బడిల ఉన్నడని పోలీసోల్లకు సంతకం జేసిచ్చింది మీరే. ఇగ మీరే వచ్చి ఈడ ఎతుకుతే ఎట్ల సారూ? ఇంటికి పోండ్రి, మబ్బు మళ్ల పట్టింది."

లారీ ఇంకో లోడు కోసం కదిలింది. గుట్ట అంచున మెత్తటి ఎర్ర మట్టిలో పాదాల గుర్తులున్నాయి. వచ్చినవి, నిలబడినవి, తిరిగి పోయినవి. రోజూ ఒకే దారిలో ఒకే మనిషి పాదాలు. నర్సింగం ఆ గుర్తుల పక్కనే నిలబడ్డాడు. పిలవాలనిపించింది. పిలవలేకపోయాడు. పిలిస్తే నిన్నటిదాకా టిక్కు పెట్టిన చెయ్యి ఏమని చెప్పాలి?

*

బేస్తవారం ఇన్‌స్పెక్టరు పదింటికల్లా వచ్చాడు. కోస్తా మనిషి, నెమ్మదస్తుడు. కళ్లజోడు తుడుచుకుని, పిల్లలు బిగించిన బోర్డులు ఒక్కొక్కటీ ముట్టుకుని చూశాడు. "పని చక్కగా నేర్పుతున్నారండీ," అన్నాడు. రాజం సారు మొహం వెలిగింది. సదయ్య స్థానంలో ఇంకొకణ్ని తెచ్చి కూర్చోబెట్టాడు. తలలు ఇరవై ఉన్నాయి.

"హాజరు పిలవండి," అన్నాడు ఇన్‌స్పెక్టరు.

నర్సింగం పిలిచాడు. ఈసారి ప్రతి పేరుకూ తల ఎత్తాడు. మొగిలి పేరు దగ్గరికి వచ్చేసరికి వరండాలో కనకవ్వ లేచి నిలబడటం తాటిపట్రీ సందులోంచి కనిపించింది. సీట్లో కొత్త కుర్రాడు పలకడానికి గొంతు సవరించుకున్నాడు.

"మొగిలి రాలేదు సార్," అన్నాడు నర్సింగం.

కుర్రాడు నోరు తెరిచి మూశాడు.

"రాక తొమ్మిది రోజులాయె. ఆ సీట్ల కూసున్నది మొగిలి గాదు. ఇంకో ఇద్దరు గూడ ఈ క్లాసోల్లు గాదు. ఈ టిక్కులన్నీ నేనే పెట్టిన." అతను ఎర్ర సిరా పెన్ను తీసి, మొగిలి పేరు ఎదురుగా తొమ్మిది టిక్కులనూ ఒక్కొక్కటిగా కొట్టేశాడు. కొట్టేసిన ప్రతిదాని పక్కనా పొట్టి సంతకం చేశాడు.

"మీరేం చేస్తున్నారో మీకు అర్థమవుతోందా?" అన్నాడు ఇన్‌స్పెక్టరు మెల్లగా. "నేనిది చూసి వదిలెయ్యలేను. ఈ క్లాసు ఉండదు. మీ ఉద్యోగం కూడా."

"తెలుసు సార్. ఈ పేజీ నకలు ఒకటి మీ సంతకంతోని కావాలె. పోలీసోల్లకు ఇయ్యాలె."

రాజం సారు బల్ల చివర కూర్చుండిపోయాడు. కోపం లేదు ఆయనలో. ముసలితనం ఒక్కసారే వచ్చి మీద పడ్డట్టుంది. "పదిహేడుగురు, నర్సింగం," అన్నాడంతే.

కనకవ్వ లోపలికి వచ్చింది. "సారూ, మావోడు రాలేదా?"

"రాలేదక్కా. ఒక్కనాడు గూడ రాలేదు."

"మరి బువ్వ?"

ముష్తాక్ లేచి నిలబడ్డాడు. తల దించుకున్నాడు. ఆమె అతన్ని చాలాసేపు చూసింది.

"కారం ఎక్కువైందా బిడ్డా?"

"లేదమ్మా."

"మంచిది," అని ఆమె క్వారీ వైపు నడక మొదలుపెట్టింది.

*

శుక్రవారం పొద్దున ఎస్సై జీపులో వచ్చాడు, నకలు కాగితం జేబులో పెట్టుకుని. మున్షి పరారైపోయాడు. తవ్వడానికి కూలీలను వెతికే పని పడలేదు. నైటు షిఫ్టు దిగిన బాయి మనుషులు పాతికమంది, ఎవరూ పిలవకుండానే, స్నానం కూడా చెయ్యకుండా పారలు, గడ్డపారలు భుజాన వేసుకుని నడిచొచ్చారు.

నర్సింగం వెళ్లలేదు. వెళ్లడానికి వీల్లేదు. క్లాసు మూసేముందు పేరున్న ప్రతి విద్యార్థి ఆచూకీ రాసి, కరీంనగర్‌కు బదిలీ కాగితాల మీద సంతకాలు తీసి పంపాలని ఇన్‌స్పెక్టరు ఆర్డరు వేసి వెళ్లాడు. అదే అతని ఆఖరి పని. పదిహేడుగురూ పొద్దున్నే వచ్చి సంతకాలు చేసి క్వారీకి పోయారు. అతను మిగిలిన పేర్లు ముందు పెట్టుకున్నాడు.

నర్సింగం పెన్ను జాగ్రత్తగా కదిలింది. ఒకడు బొంబాయిలో మగ్గాల దగ్గర, ఉత్తరం వచ్చింది. ఒకడు సిమెంటు ఫ్యాక్టరీలో బస్తాలు మోస్తున్నాడు, మొన్న సంతలో కనిపించాడు. ఒకడు పెళ్లి చేసుకుని సేద్యంలో పడ్డాడు, శుభలేఖ ఇదే సొరుగులో ఉంది. మొగిలి పేరు ఎదురుగా ఏమీ రాయలేదు. ఐదో పేరు ఎల్లేశం. పెన్ను ఆగింది.

ఎల్లేశం మొహం గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించాడు. సన్నటివాడు. గోదావరి అవతల ఏదో ఊరు. అమ్మా నాయినా లేరు. కాలనీ వెనక ఒక చుట్టింటిలో అద్దెకుండేవాడు. ఎప్పటి నుంచి రావడం లేదు? రిజిస్టరు తిప్పాడు. జూన్ ఒకటి నుంచి నిన్నటిదాకా టిక్కులే. తన చేతి టిక్కులే. అవి అతనికి ఏమీ చెప్పలేదు.

రెండింటికి ముష్తాక్ పరుగెత్తుకుంటూ వచ్చాడు. మోకాళ్ల దాకా ఎర్ర మట్టి. "దొరికిండు సార్. మొగిలి దొరికిండు. పార చేతులనే ఉన్నది." గడపలో కూలబడి మొహం మోచేతిలో దాచుకున్నాడు.

నర్సింగం రిజిస్టర్లో ఐదో పేరు మీద వేలు పెట్టాడు. తర్వాత అడిగాడు, "ముష్తాక్, ఎల్లేశం ఏడున్నడు?"

"వాళ్లూరికి పోయిండు గావచ్చు సార్."

"ఎవలు చూసిండ్రు?"

"చూడలే. వాడు ఒకదినం వస్తడు, రెండు దినాలు రాడు. కూలికి వోతడు. పొద్దుగాల మొగిలితోని..." ముష్తాక్ మాట అక్కడ ఆగింది. మోచేతిలోంచి మొహం తీసి నర్సింగాన్ని చూశాడు.

ఇద్దరూ ఒకే సైకిలు మీద పోయారు. ముష్తాక్ తొక్కాడు. నర్సింగం వెనక కూర్చుని రిజిస్టరు చొక్కా లోపల పెట్టుకున్నాడు.

క్వారీలో పని అయిపోయింది. బాయి మనుషులు గుంతలో నిలిచిన నీళ్లలో చేతులు కడుక్కుని చొక్కాలు తొడుక్కుంటున్నారు. జీపు ఇంజను నడుస్తోంది. జమేదారు బండ మీద కూర్చుని పంచనామా ముగిస్తున్నాడు. చాప మీద తెల్లగుడ్డ కప్పి ఉంది. పక్కన కనకవ్వ, గుడ్డ అంచు పట్టుకుని ఉంది.

నర్సింగం జమేదారు ముందు నిలబడ్డాడు. "ఆపకుండ్రి. ఇంకొకడున్నడు."

"ఇంకొకడా? ఎవలు చెప్పిండ్రు నీకు? ఎవలూ రిపోర్టియ్యలేదే."

"రిపోర్టియ్యటానికి వానికి ఎవలు లేరు. ఎల్లేశం అని, మా క్లాసోడే. మొగిలితోని కూలికొచ్చేటోడు."

జమేదారు మళ్లీ పెన్ను తెరిచాడు. "ఎప్పట్నుంచి కనిపిస్తలేడు?"

నర్సింగం చొక్కా లోంచి రిజిస్టరు తీశాడు. తెరవలేదు. "తెల్వది. నేను తలెత్తి చూడలేదు."

జమేదారు పెన్ను కాగితం మీద ఆగిపోయింది. జీపులోంచి ఎస్సై దిగాడు. చొక్కా గుండీలు పెట్టుకుంటున్నవాళ్ల చేతులు ఎక్కడివక్కడ నిలిచాయి. గుట్ట చాలా పెద్దది. ఎక్కడ తవ్వాలో ఎవరికీ తెలియదు.

కనకవ్వ లేచింది. కొడుకు దొరికిన గుంత దాకా నడిచి, దాని ఎడమ పక్క రెండు బారల దూరంలో నిలబడింది. కాలితో అక్కడ ఒక గుర్తు గీసింది.

"లారీ నింపటానికి ఒక్కనితోని కాదు సారూ," అంది. "అటొకడు, ఇటొకడు ఉంటరు. మావోడు ఈ దిక్కుండె. వాడు ఈడ ఉంటడు."

ఒకతను చొక్కా మళ్లీ విప్పాడు. తర్వాత ఇంకొకతను. కనకవ్వ గీసిన గీత మీద మొదటి గడ్డపార దిగింది.